పట్టు వదిలి గేరు పట్టిన వెలోసియో

ధర్మవరం నుంచి హిందూపురానికి రైల్లో వస్తే ఏమీ తెలీదు. సైకిల్ మీద వస్తే మాత్రం కాళ్లకు తెలిసిపోతుంది. ధర్మవరం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంటే, హిందూపురం సుమారు 620 మీటర్ల ఎత్తులో ఉంది. మధ్యలో పెనుకొండ. రోడ్డు అక్కడక్కడా దిగినా, మొత్తం మీద మీరు ఎక్కుతూనే వస్తారు. ఎదురుగాలి కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

బీటెక్ అయ్యాక ఏడాదికి పైగా నాకు ఉద్యోగం రాలేదు. హిందూపురంలో ఇంట్లో కూర్చుంటే వచ్చే పోయేవాళ్లంతా అడిగేది ఒకటే ప్రశ్న. అది తప్పించుకోవడానికి ఓ సెకండ్ హ్యాండ్ గేర్ సైకిల్ కొన్నాను. తెల్లవారుజామునే సోమందేపల్లి మీదుగా పెనుకొండ దాకా వెళ్లి వచ్చేవాణ్ని. ఒకరోజు వెనక గేరు మొరాయించింది. పెద్ద చక్రం మీదికి చైన్ ఎక్కనంటుంది, ఎక్కినా నిలవదు. మెకానికల్ చదివినవాణ్ని కదా, నాకు తెలీదా అనుకుని స్క్రూడ్రైవర్ తీసి కనిపించిన స్క్రూ వదులు చేశాను. పది నిమిషాల తర్వాత, ఎత్తు ఎక్కుతుండగా, చైన్ పెద్ద చక్రం దాటి పుల్లల్లో పడింది. గేరు మార్చే ఆ ఇనుప చెయ్యి కూడా దాని వెంటే వెళ్లి వంకర తిరిగింది. మిగతా దారంతా సైకిల్ తోసుకుంటూ నడిచాను.

నేను తిప్పిన స్క్రూ తప్పు. అసలు రోగం వేరే చోట ఉంది. అదేంటో తర్వాత చెప్తాను. దాన్ని వెతుకుతూ వెతుకుతూ నేను ఒక మనిషి దగ్గరికి చేరాను. ఆయన పేరు పాల్ ద వీవీ. ఫ్రాన్స్ దేశస్థుడు. సైకిల్ లోకం ఆయన్ని వెలోసియో అనే కలంపేరుతోనే గుర్తుపెట్టుకుంది. మీరు ఇప్పుడు గేరు సైకిల్ లీవర్ నొక్కగానే వెనక చైన్ ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి దూకుతుందే, ఆ ఆలోచన కోసం జీవితంలో సగం ఖర్చు పెట్టిన మనిషి. మన ప్రాంతం వాళ్లకు ఆయన ఇంకో రకంగానూ దగ్గర. ఆయన మొదట చేసింది పట్టు వ్యాపారం.

పట్టు ఊరు, బొగ్గు ఊరు

పాల్ ద వీవీ 1853 ఏప్రిల్ 29న దక్షిణ ఫ్రాన్స్‌లోని పెర్న్ అనే ఊళ్లో పుట్టారు. బాగా చదువుకున్నారు. గ్రీకు, లాటిన్ పుస్తకాల మీద ఇష్టం చివరిదాకా పోలేదు. బతుకుదెరువు మాత్రం పట్టులో దొరికింది. ఆయన స్థిరపడింది సెయింట్ ఎతియెన్ నగరంలో. ఆ ఊరికి అప్పట్లో మూడు గుర్తింపులు: బొగ్గు గనులు, తుపాకుల తయారీ, పట్టు రిబ్బన్ల నేత. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ చూసినవాళ్లకు, ధర్మవరంలో జకార్డ్ మగ్గం చప్పుడు విన్నవాళ్లకు ఆ ఊరి సందడి ఊహించుకోవడం కష్టం కాదు. ఒకపక్క నేత, ఇంకోపక్క ఇనుము. ఇనుమును సన్నగా, కచ్చితంగా కోయడం తెలిసిన చేతులు ఊరినిండా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఇప్పటి తరహా తొలి సైకిల్‌ను 1886లో గోతియే అన్నదమ్ములు ఆ ఊళ్లోనే తయారు చేశారంటే కారణం అదే. తర్వాత ఆ నగరం దేశానికే సైకిళ్ల రాజధాని అయింది.

1881లో పాల్‌కు 28 ఏళ్లు. చేతిలో సొంత వ్యాపారం ఉంది. ఆ ఏడాది ఓ సైకిల్ కొన్నారు. ఇప్పటి సైకిల్ అనుకోకండి. ముందు చక్రం మనిషంత ఎత్తు, వెనక చక్రం పళ్లెమంత. పెడల్స్ నేరుగా ముందు చక్రానికే ఉంటాయి. మీరు పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రం ఇంకా పెద్దది కావాలి, అంతకు మించి దారి లేదు. ఆరు గంటల్లో వంద కిలోమీటర్లు తొక్కగలవా అని ఓ మిత్రుడు పందెం కాశాడు. ఆయన కొండదారి పట్టి లా షేజ్ ద్యూ అనే ఊరివైపు వెళ్లారు. పందెం సంగతి అలా ఉంచండి. ఆ దారి, ఆ గాలి, ఆ అడవులు ఆయన్ని వదల్లేదు. ఒకదాని తర్వాత ఒకటి రకరకాల సైకిళ్లు, మూడు చక్రాల బళ్లు కొంటూ పోయారు. వ్యాపారం మీద ధ్యాస తగ్గింది.

1887లో, 34వ ఏట, పట్టు వ్యాపారం అమ్మేశారు. సెయింట్ ఎతియెన్‌లోనే సైకిళ్ల దుకాణం తెరిచారు. ఇంగ్లండ్ నుంచి సైకిళ్లు తెప్పించి అమ్మేవారు. అదే ఏడాది ఓ చిన్న పత్రిక కూడా మొదలుపెట్టారు. అది తర్వాత 'ల సిక్లిస్త్' పేరుతో నడిచింది. అందులో ఎక్కువ భాగం తానే రాసేవారు, వెలోసియో పేరుతో. నడుస్తున్న వ్యాపారాన్ని వదిలి, ఇంకా జనానికి సరిగ్గా అలవాటు కాని యంత్రం వెనక పడ్డ మనిషి గురించి చుట్టాలు ఏమని ఉంటారో మీరూ నేనూ ఊహించుకోవచ్చు. పుస్తకాల్లో అది లేదు గానీ, చుట్టాలు ఎక్కడైనా చుట్టాలే.

చుట్ట పొగ వదిలినంత తేలిగ్గా

ఇప్పుడు అసలు కథ. 1889లో ఆయన తన పేరు మీద ఓ సైకిల్ తయారు చేయించారు. దాని పేరు లా గోల్వాజ్. ఇప్పటి సైకిల్ ఆకారమే. రెండు చక్రాలూ ఒకే సైజు, మధ్యలో పెడల్స్, వెనక చక్రానికి చైన్. గేరు మాత్రం ఒక్కటే.

సెయింట్ ఎతియెన్ దాటగానే దక్షిణంగా ఒక కనుమ ఉంది. పేరు కోల్ ద లా రిపబ్లిక్. ఎత్తు 1161 మీటర్లు. నగరం నుంచి చూస్తే అరకిలోమీటరుకు మించి నిలువుగా ఎక్కాలి. ధర్మవరం నుంచి హిందూపురం దాకా మొత్తం మీద మనం ఎక్కే ఎత్తుకు రెట్టింపు పైనే, అదీ చాలా తక్కువ దూరంలో. ఆ కనుమ ఎక్కుతుంటే వెనక నుంచి ఒకాయన వచ్చి ఆయన్ని దాటి వెళ్లిపోయాడు. ఆ వెళ్లినాయన వెలోసియో పత్రిక చదివే పాఠకుడే. పైగా నోట్లో పైపు పెట్టుకుని పొగ వదుల్తూ, తీరిగ్గా!

మీరైతే ఏం చేసేవారు? నేనైతే ఇంటికెళ్లి రేపట్నుంచి ఇంకా గట్టిగా తొక్కాలి అనుకునేవాణ్ని. వెలోసియోకూ రోషం వచ్చింది. కానీ ఆయన రోషాన్ని లెక్కలోకి దించారు. వేగంగా పోవాలంటే పెద్ద గేరు కావాలి. పెద్ద గేరు పెడితే చదునులో పోతాను గానీ కనుమ ఎక్కలేను. చిన్న గేరు పెడితే కనుమ ఎక్కుతాను గానీ చదునులో కాళ్లు గిరగిరా తిరగడమే తప్ప దూరం సాగదు. ఒకే మనిషి, అవే కాళ్లు, అదే రోజు. దారి మాత్రం గంటకోలా ఉంటుంది. మరి గేరు ఒక్కటే ఎందుకు ఉండాలి?

ఈ లెక్క మనం ఇవాళ చేసి చూద్దాం. ముందు చక్రానికి 44 పళ్లు, వెనక చిన్నదానికి 14 పళ్లు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం 3.14 చుట్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు అనుకుంటే ఒక తొక్కుకు 6.6 మీటర్లు పోతారు. అదే చైన్‌ను వెనక 28 పళ్ల చక్రం మీదికి మారిస్తే 3.3 మీటర్లే పోతారు. దూరం సగమైంది, పెడల్ మీద వేయాల్సిన బలమూ సగమైంది. పని తగ్గలేదు, పనిని చిన్న ముక్కలు చేశామంతే. ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్. కానీ 1889లో దాన్ని కాళ్ల కింద అమర్చేదెలా?

మొదట ఆయన ముందు వైపు రెండు చక్రాలు పక్కపక్కనే పెట్టారు. కొండ రాగానే దిగి, చైన్‌ను చేత్తో ఎత్తి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి వేయాలి. చేతులకు నల్లటి గ్రీజు. తర్వాత పెడల్స్ ఇరుసుకు ఎడమ పక్కన కూడా రెండు చక్రాలు పెట్టారు. అలా నాలుగు గేర్లు వచ్చాయి. 1901లో ఇంగ్లండ్‌లో చేసిన విప్పెట్ అనే సైకిల్ గేరుతో దీన్ని కలిపి చూశారు. అందులో ముందు చక్రమే రెండు ముక్కలుగా విడుతుంది. వెనక్కి తొక్కితే ముక్కలు దూరం జరిగి, చక్రం సైజు మారినట్టవుతుంది. ప్రతి ప్రయోగాన్నీ దుకాణంలో బల్ల మీద కాదు, రోడ్డు మీద పరీక్షించేవారు. రాత్రంతా తొక్కేవారు. ఈస్టర్ సెలవులొస్తే మిత్రులతో కలిసి దక్షిణాన ప్రొవాన్స్ దాకా వెళ్లేవారు. తిరిగొచ్చి ఏది పనిచేసింది, ఏది విరిగింది అన్నీ పత్రికలో రాసేవారు. మన భాషలో చెప్పాలంటే ఆయనది టెక్ బ్లాగే.

1905 ప్రాంతానికి రెండు గేర్ల డీరైలర్ ఆయన చేతిలో తయారైంది. అప్పటికి ఆయన వయసు 52. మొదటి సైకిల్ కొన్నప్పటి నుంచి లెక్కేస్తే 24 ఏళ్లు, పైపు పాఠకుడు దాటిపోయినప్పటి నుంచి 16 ఏళ్లు.

పట్టాలు తప్పించే యంత్రం

డీరైలర్ అనే ఫ్రెంచ్ మాటకు పట్టాలు తప్పించేది అని అర్థం. ధర్మవరం జంక్షన్ పక్కన పెరిగినవాళ్లకు ఆ మాట వింటేనే గుండె గుభేల్‌మంటుంది. ఇక్కడ మాత్రం తప్పించడమే పని. తిరుగుతున్న చైన్‌ను పక్కకు నెట్టి పళ్ల మీంచి దించాలి, వెంటనే పక్క చక్రం పళ్ల మీదికి ఎక్కించాలి. ఇంజినీర్లకు మొదట ఇది మోటు పద్ధతిగానే కనిపించింది. చైన్ తిన్నగా నడవాలి, వంకరగా నడిస్తే అరిగిపోతుంది, బలం వృథా అవుతుంది అన్నది అప్పటి నమ్మకం. ఆ అనుమానంలో కొంత నిజమూ ఉంది. అయినా కాసేపు వంకరగా నడిచే చైన్ వల్ల పోయేదానికంటే, సరైన గేరు వల్ల మనిషికి మిగిలేది చాలా ఎక్కువ.

ఇంతకంటే పెద్ద అడ్డంకి యంత్రంలో లేదు, మనుషుల మనసుల్లో ఉంది. టూర్ ద ఫ్రాన్స్ రేసును 1903లో మొదలుపెట్టిన హెన్రీ దెగ్రాంజ్ అప్పట్లో సైకిల్ లోకానికి పెద్ద దిక్కు. గేర్లు వయసు మళ్లినవాళ్లకే తప్ప కుర్రాళ్లకు కాదన్నది ఆయన అభిప్రాయం. కండబలంతో గెలవాలి గానీ యంత్రం సాయంతో గెలవడమేంటి అనేవారు. ఆయన రేసులో ఏళ్ల తరబడి డీరైలర్‌కు చోటు లేదు. రైడర్లు ఏం చేసేవాళ్లో తెలుసా? వెనక చక్రానికి రెండు పక్కలా చెరో పళ్ల చక్రం బిగించుకునేవాళ్లు. కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించి, మళ్లీ ఎక్కేవాళ్లు. పైకి చేరాక దిగువకు మళ్లీ అదే తంతు. చలిలో, వానలో, వేళ్లు కొంకర్లు పోతున్నా సరే.

1902లో టూరింగ్ క్లబ్ ద ఫ్రాన్స్ ఒక పరీక్ష పెట్టింది. టూర్మాలె కనుమ మీదుగా 240 కిలోమీటర్ల కొండదారి. ఎదువార్ ఫిషర్ అనే పేరున్న రేసర్ ఒకే గేరు సైకిల్ మీద, మార్త్ ఎస్ అనే మహిళ మూడు గేర్ల గోల్వాజ్ మీద. గేర్ల సైకిల్‌దే పైచేయి అయింది. అయినా రేసుల పెద్దలు మారలేదు. ఓడిపోయింది వాదన అయితే ఒప్పుకునేవాళ్లేమో. ఓడిపోయింది మగతనం అనుకున్నట్టున్నారు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎందుకంటే ఉద్యోగం లేని ఆ ఏడాది నేనూ ఇలాంటి పట్టుదలతోనే ఉన్నాను. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు రాలేదు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ మొదలయ్యాక చుట్టుపక్కల చిన్న చిన్న వర్క్‌షాపుల్లో మనుషులు కావాలని తెలిసినవాళ్లు చెబుతుంటే, బీటెక్ చదివి అందులోనా అని మొహం తిప్పుకున్నాను. ఎత్తు మీద పెద్ద గేరులో పళ్లు కొరుక్కుంటూ నిలబడిపోయిన మనిషిని నేనే. చివరికి నేను చేరింది నెలకు ఎంతో చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడే ఓ చిన్న పని. అక్కడే కొలతలు నేర్చుకున్నాను. ఇంకా ఎక్కువ చెప్పను, ఇది నా కథ కాదు.

నేను తిప్పిన తప్పు స్క్రూ

ఆయన చేసిన డీరైలర్‌కూ మీ సైకిల్‌కు ఉన్నదానికీ పోలిక తక్కువే. ఇప్పటిది ఒక సమాంతర చతుర్భుజం. కైనమాటిక్స్‌లో నాలుగు కడ్డీల మెకానిజం చదివారు కదా, అదే. చైన్‌ను నెట్టే రెండు చిన్న చక్రాలు దాని కింద వేలాడుతుంటాయి. స్ప్రింగు దాన్ని ఎప్పుడూ చిన్న పళ్ల చక్రం వైపు లాగుతుంది. హ్యాండిల్ దగ్గర్నుంచి వచ్చే కేబుల్ పెద్దదాని వైపు లాగుతుంది. ఈ లాగులాట అర్థమైతే సగం రిపేరు అయిపోయినట్టే. ఇంటర్వ్యూలో మీకు నచ్చిన ఓ మెకానిజం గురించి చెప్పమంటే దీన్నే చెప్పండి. బోర్డు మీద బొమ్మ గీయడమూ తేలికే.

వెనక్కి వెళ్లి నా తప్పు చూద్దాం. డీరైలర్ మీద పక్కపక్కనే రెండు చిన్న స్క్రూలుంటాయి. పక్కన హెచ్, ఎల్ అని ఆంగ్ల అక్షరాలుంటాయి. ఇవి గేరును మార్చవు. చైన్ ఎంతవరకు పోవచ్చో హద్దు గీస్తాయి, అంతే. హెచ్ స్క్రూ చిన్న చక్రం వైపు గోడ, ఎల్ స్క్రూ పెద్ద చక్రం వైపు గోడ. కుడికి తిప్పితే గోడ లోపలికి జరుగుతుంది, ఎడమకు తిప్పితే బయటికి జరుగుతుంది. ఒకసారి సరిగ్గా పెట్టాక వీటితో మళ్లీ పని పడకూడదు. నేను ఎల్ స్క్రూను వదులు చేశాను. గోడ పోయింది. చైన్ నేరుగా పుల్లల్లోకి వెళ్లింది.

నిజానికి నా సైకిల్‌కు గోడతో గొడవే లేదు. కేబుల్ వదులైంది. చైన్ పెద్ద చక్రం మీదికి బద్ధకంగా ఎక్కుతోందంటే ముందుగా అనుమానించాల్సింది దాన్నే. డీరైలర్‌లోకి కేబుల్ దూరే చోట వేళ్లతో తిప్పే చిన్న పీపాలాంటి నట్టు ఉంటుంది. వెనక నుంచి చూస్తూ దాన్ని ఎడమ వైపుకు పావు చుట్టు తిప్పండి. పెడల్ తిప్పుతూ గేరు మార్చి వినండి. చాలకపోతే ఇంకో పావు చుట్టు. పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పొద్దు. చైన్ చిన్న చక్రం వైపు దిగడానికి మొరాయిస్తే, కేబుల్ మరీ బిగుతైందన్నమాట. లేదంటే మన ఎర్రదుమ్ము కేబుల్ గొట్టంలో చేరి పట్టేసి ఉంటుంది. అప్పుడు ఎంత తిప్పినా లాభం లేదు. కేబుల్, గొట్టం కొత్తవి వేయించడమే చవక.

దానికంటే ముందు ఇంకోటి చూడాలి. ఇది నాకు సైకిల్ షాపులో మేస్త్రీ చెప్పాడు, ఏ పుస్తకంలోనూ ఇంత బాగా అర్థం కాలేదు. సైకిల్ వెనక నిలబడి, ఒంగి చూడండి. పళ్ల చక్రాలు నిలబడ్డ గీతకు డీరైలర్ కింద వేలాడే రెండు చిన్న చక్రాలూ సమాంతరంగా ఉన్నాయా? లోపలికి వంగి ఉంటే, డీరైలర్‌ను ఫ్రేముకు తగిలించే హ్యాంగర్ వంగిందని అర్థం. చాలా సైకిళ్లలో అది మెత్తటి అల్యూమినియం ముక్క. ఫ్రేము విరక్కుండా ముందు తాను వంగడం కోసమే దాన్ని అలా పెడతారు. సైకిల్ కుడి పక్కకు పడినా, ఆటోలోనో బస్సు మీదనో కుడి వైపు కిందికి పెట్టి వేసినా వంగిపోతుంది. హ్యాంగర్ వంగి ఉండగా స్క్రూలు తిప్పడమంటే, వంకర గోడకు తిన్నగా సున్నం వేయడమే. షాపులో దాన్ని సరిచేసే కొలత పనిముట్టు ఉంటుంది, లేదంటే కొత్త హ్యాంగర్ వేస్తారు.

చైన్ సంగతి కూడా చూసుకోండి. మీ దగ్గర వర్క్‌షాప్ ల్యాబ్ నాటి అంగుళాల స్టీలు స్కేలు ఉంటే చాలు. చైన్‌ను బిగుతుగా పట్టుకుని ఒక పిన్ను మధ్యకు సున్నా పెట్టండి. కొత్త చైన్ అయితే 12 అంగుళాల గీత దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను మధ్య రావాలి. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకెళ్తే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే వెనక పళ్ల చక్రాలూ అరిగి, వాటినీ కొనాల్సొస్తుంది. చైన్ ఖర్చు కంటే అది ఎక్కువ. నూనె విషయంలో మనవాళ్లది మరీ ఉదారం. చైన్ మీద ధారగా పోస్తారు. హిందూపురం, పెనుకొండ దుమ్ముకు అది ఉప్పుకాగితంలా తయారవుతుంది. ఒక్కో కీలుకు ఒక్కో చుక్క వేసి, పెడల్ తిప్పి, పైనంతా బట్టతో తుడిచేయండి. నూనె లోపల ఉండాలి, పైన కాదు.

ఇదంతా కుదిరాకే, అదీ అవసరమైతేనే, హెచ్, ఎల్ స్క్రూలు. ఇంకో మూడో స్క్రూ కూడా ఉంటుంది, వెనక వైపు. పెద్ద పళ్ల చక్రానికీ డీరైలర్ పై చిన్న చక్రానికీ మధ్య ఎడం దానితో సర్దుతారు. చాలా మామూలు సైకిళ్లలో ఐదారు మిల్లీమీటర్లుంటే సరిపోతుంది. రెండూ రాసుకుంటూ గరగరమంటుంటే అప్పుడు దాని జోలికి పోండి.

ఇవాళ లీవర్ నొక్కితే టిక్కుమని గేరు పడటం మనకు మామూలే. అలా అంచెలంచెలుగా పడే పద్ధతిని షిమానో 1984లో మార్కెట్లోకి తెచ్చింది. అంతకుముందు లీవర్‌ను ఎంత జరపాలో చెవితో, చేతితో పోల్చుకోవాల్సిందే. వెలోసియో కాలంలో అయితే ప్రతి గేరూ ఓ సాహసమే.

ఆఖరి రోజులు

డీరైలర్ వచ్చాక ఆయన దాని మీద కూర్చుని డబ్బు చేసుకోలేదు. సెయింట్ ఎతియెన్‌లోనే మిగతా తయారీదారులు ఆ ఆలోచనను పట్టుకుని మెరుగులు దిద్దారు. జోవానీ పానెల్ చేసిన షెమినో అనే డీరైలర్ వాటిలో పేరు తెచ్చుకుంది. పోటీదారులు చేసినవాటి గురించి కూడా వెలోసియో తన పత్రికలో రాశారు. ఆయనకు కావాల్సింది గేరు పనిచేయడం. ఎవరి దుకాణంలోది పనిచేసిందన్నది తర్వాతి మాట.

ఆయన మాంసం మానేశారు. ఎస్పెరాంటో భాష నేర్చుకున్నారు. దూరాలు తొక్కేవాళ్లకు కొన్ని నియమాలు రాశారు. వాటి సారం ఇది: ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి, ఒళ్లు పూర్తిగా అలిసేదాకా తొక్కకూడదు, ఎవరో చూస్తున్నారని గొప్పకోసం తొక్కకూడదు. ఇప్పటికీ దూరప్రయాణాలు చేసే సైక్లిస్టులు వాటిని పాఠంలా చెప్పుకుంటారు. మొదటిసారి ధర్మవరం దాకా తొక్కినప్పుడు దాహం వేశాక తాగొచ్చులే అనుకున్నాను. ఆ ఎండలో ఆ పాఠం అదే రోజు ఒంటబట్టింది.

1922 నుంచి ఆయన పేరు మీద ఏటా ఒక రోజు సెయింట్ ఎతియెన్‌లో సైక్లిస్టులు గుమిగూడి, కోల్ ద లా రిపబ్లిక్ ఎక్కడం మొదలుపెట్టారు. ఆయన బతికుండగానే మొదలైన వేడుక అది. ఒకప్పుడు పైపు పొగ వదుల్తూ ఒకాయన ఆయన్ని దాటి వెళ్లిన అదే కనుమ.

1930లో, 76 ఏళ్ల వయసులో, సెయింట్ ఎతియెన్ వీధిలో సైకిల్‌ను చేత్తో నడిపించుకుంటూ వెళ్తున్నారు. ఎదురొచ్చిన వాహనాన్ని తప్పించుకోబోయి వెనక్కి అడుగేశారు. ట్రాము వచ్చి ఢీకొట్టింది. ఆ రోజు పొద్దున రోమన్ తత్వవేత్త సెనెకా రాసిన లేఖలు చదువుతూ ఉన్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు.

అప్పటికీ టూర్ ద ఫ్రాన్స్ రేసర్లు కొండ మొదట్లో దిగి చక్రం ఊడదీసి తిప్పుకుంటూనే ఉన్నారు. దెగ్రాంజ్ ఆరోగ్యం పాడై రేసు పగ్గాలు వదిలేశాక, 1937లో డీరైలర్‌కు అనుమతి వచ్చింది. ఆ ఏడాది గెలిచిన రోజె లాపెబీ సైకిల్‌కు డీరైలర్ ఉంది. వెలోసియో పోయి అప్పటికి ఏడేళ్లు. కోల్ ద లా రిపబ్లిక్ పైన ఆయన స్మారకం ఉంది. ఇప్పుడు ఆ కనుమ ఎక్కే వాళ్లు సైకిల్ దిగకుండానే, గేరు మార్చుకుంటూ దాని పక్కనుంచి వెళ్తుంటారు.